కత్తి మీద వెండి రంగు

దసరా నవరాత్రుల్లో ఆయుధపూజ రోజున మన ఇళ్ళల్లో ఏవేవి దేవుడి ముందుకొస్తాయో ఒకసారి గుర్తు చేసుకోండి. కత్తిపీట, కొడవలి, గొడ్డలి, కుట్టు మెషిన్, స్కూటర్, ఈమధ్య లాప్‌టాప్ కూడా. వీటి మధ్య కొన్ని ఇళ్ళల్లో ఒక పాత కత్తి కూడా ఉంటుంది. ఎవరి కాలంనాటిదో సరిగ్గా తెలియదు. ఏడాదికోసారి అటక మీంచి దిగుతుంది, పసుపు కుంకుమలు పూయించుకుంటుంది, మొనకి ఒక నిమ్మకాయ గుచ్చించుకుంటుంది, మళ్ళీ పాత చీరముక్కలో చుట్టుకుని అటకెక్కుతుంది.

అలాంటి కత్తుల్లో చాలావాటి మీద రంగు ఉంటుంది. కిటికీ ఊచలకి వేసే వెండి రంగో, గేటుకి వేసే నల్ల రంగో, తుప్పు పట్టకుండా ముందు పూసే ఎర్ర రంగో. ఎవరో ఎప్పుడో మంచి ఉద్దేశంతోనే పూసి ఉంటారు. ఆ రంగు తీసేద్దామని ఇంట్లో ఎవరికో ఒకరికి అనిపిస్తుంది. అక్కడే చిక్కు మొదలవుతుంది. ఇత్తడి చెంబు తోమినట్టు తోమితే కత్తి పోతుంది. గోడ రంగు గీకినట్టు గీకితే మన ఆరోగ్యం పోతుంది. అసలు తీయాలా వద్దా అని ఆలోచించకుండా తీస్తే, ఆ కత్తి చెప్పగలిగిన కథ పోతుంది.

పరవాడ దగ్గర మా అత్తవారింట్లో ఇలాంటి కత్తి ఒకటి ఉంది. దాని రంగు తీసే పని రెండేళ్ళ కిందట మా ఇంటిల్లిపాదికీ పడింది. ఆ పని కోసం నేను చదివిందీ, చూసిందీ మీతో పంచుకుందామని ఈ వ్యాసం. అయితే కత్తి గురించి మాట్లాడాలంటే ముందు ఉక్కు గురించి మాట్లాడాలి. మా వైపు వాళ్ళకి ఉక్కు అంటే కొంచెం ఎక్కువే మరి.

ఉక్కు మన మాట

విశాఖ ఉక్కు ఫ్యాక్టరీ మాకు ఇరుగు పొరుగు లాంటిది. 'విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు' అని 1966లో జనం వీధుల్లోకి వచ్చారు, ప్రాణాలు కూడా పోయాయి. 1971 జనవరి 20న ఇందిరాగాంధీ శంకుస్థాపన చేశారు. 1992 ఆగస్టు 1న పి.వి.నరసింహారావు దాన్ని జాతికి అంకితం చేశారు. ఇదంతా మా పెద్దవాళ్ళు కళ్ళారా చూసిన చరిత్ర. కానీ తెలుగువాళ్ళకీ ఉక్కుకీ సంబంధం అంతకంటే చాలా పాతది.

ఇంగ్లీషు పుస్తకాల్లో 'వూట్జ్' అని ఒక మాట కనిపిస్తుంది. పూర్వం దక్షిణ భారతదేశంలో చేసిన ఒక ప్రత్యేకమైన ఉక్కుకి ఆ పేరు. మనం 'ఉక్కు' అన్నదే వాళ్ళ చెవిలో అలా పడి, అలా స్థిరపడిపోయిందని పండితులు చెబుతారు. 1795లో జార్జ్ పియర్సన్ అనే ఆయన లండన్ రాయల్ సొసైటీలో ఈ ఉక్కు మీద పరిశోధన పత్రం సమర్పించాడు. తర్వాత కరెంటు పాఠాల్లో మన పిల్లలు చదువుకునే మైకేల్ ఫారడే కూడా దీని రహస్యం కనిపెట్టాలని కొన్నేళ్ళు కష్టపడ్డాడు.

ఈ ఉక్కు తయారైన చోట్లలో బాగా పేరున్నది తెలంగాణలో, నిజామాబాద్ జిల్లా కోనసముద్రం. అక్కడ కమ్మరులు ఇనుముని చిన్న చిన్న మట్టి మూసల్లో పెట్టి, మూతలు మెత్తి, కొలిమిలో గంటల తరబడి కాచి, నెమ్మదిగా చల్లారనిచ్చేవారు. మూస పగలగొడితే గుండ్రటి ఉక్కు ముద్ద బయటికి వచ్చేది. గోల్కొండ రాజ్యం ఉక్కు పర్షియాకి వెళ్తోందని పదిహేడో శతాబ్దంలోనే ఫ్రెంచి వ్యాపారి టావెర్నియే రాశాడు. కోనసముద్రంలో ఉక్కు ఎలా చేస్తారో కళ్ళారా చూసిన హెన్రీ వాయ్సీ రాసిన వివరం 1832లో ఏషియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయింది. కొనడానికి పర్షియా వర్తకులు అక్కడికే వచ్చేవారట. వంటింట్లో పాకం పట్టేటప్పుడు తీగపాకమా ముదురుపాకమా అన్నది ఒక్క నిమిషంలో తేలిపోతుంది కదా, మూసలో ఉక్కు కూడా అంతే. వేడి, సమయం, చల్లారే తీరు, మూడూ కుదిరితేనే.

ఇలాంటి ఉక్కుతో చేసిన మంచి కత్తి మీద నీళ్ళ అలల్లాంటి చారలు కనిపిస్తాయి. డమాస్కస్ కత్తులని ప్రపంచమంతా మెచ్చుకున్నవి ఇలాంటివే. ఆ చారలు ఎవరో చెక్కినవి కావు, ఉక్కు లోపలి నేతలోంచి వచ్చినవి. పైన సన్నటి పొరలా కనబడేలా చేయడానికి కత్తి చేసినవాళ్ళు చివర్లో ఒక మందు పూసి తేల్చేవారు. గ్రైండరు చక్రం కింద పెడితే ఆ పొర ఒక్క నిమిషంలో చెరిగిపోతుంది. కొలిమిలో మళ్ళీ ఎర్రగా కాలిస్తే లోపలి నేత కూడా చెదిరిపోవచ్చు.

పాత కత్తికి రంగు ఉంటే తొందరపడకూడదని చెప్పడానికి ఇది మొదటి కారణం. కింద ఏముందో మనకి తెలియదు. మామూలు ఇనుప రేకు ఉండొచ్చు, అలల చారలు ఉండొచ్చు, పిడి మీద బంగారు తీగ పని ఉండొచ్చు, ఒక పేరు ఉండొచ్చు.

మా వైపు కత్తుల చరిత్ర

ఉత్తరాంధ్రలో కత్తి పేరెత్తితే ముందు బొబ్బిలి గుర్తొస్తుంది. 1757 జనవరి 24న విజయనగరం రాజు విజయరామరాజు, ఫ్రెంచి సేనాని బుస్సీ కలిసి బొబ్బిలి కోట మీద పడ్డారు. కోట ఇక నిలబడదని తేలాక లోపలి ఆడవాళ్ళనీ పిల్లల్నీ సొంత మనుషులే చంపేశారు. శత్రువుల చేతికి చిక్కకూడదని. ఒక పసివాడు మాత్రం బతికి బయటపడ్డాడు, ఆ వంశం అతనితో నిలిచింది. తర్వాత కొద్ది రోజుల్లోనే తాండ్ర పాపారాయుడు విజయరామరాజు గుడారంలోకి చొరబడి ఆయన్ని చంపాడు.

బుర్రకథలో ఈ ఘట్టం వింటుంటే ఒళ్ళు గగుర్పొడుస్తుంది. 1964లో వచ్చిన బొబ్బిలి యుద్ధం సినిమాలో పాపారాయుడిగా ఎస్.వి.రంగారావుని, మల్లమ్మదేవిగా భానుమతిని చూసి కళ్ళు తుడుచుకోని ఆడవాళ్ళు మా అత్తగారి తరంలో లేరు. కానీ నాకెప్పుడూ ఒక మాట తడుతూ ఉంటుంది. ఆ రోజు కోటలో లేచిన కత్తులన్నీ శత్రువు మీదకే లేవలేదు. కొన్ని అంతఃపురం వైపు తిరిగాయి. వాటి కింద పడ్డవాళ్ళ పేర్లు చాలావరకు మనకి తెలియవు. వీరుల కత్తులు మ్యూజియంలో అద్దాల వెనక ఉంటాయి, ఆ ఆడవాళ్ళ మాట అడిగేవాళ్ళు ఉండరు. పాత కత్తిని చూసి ఛాతీ పొంగించేముందు ఇది కూడా తలుచుకోవాలి కదా.

తర్వాత ముప్ఫై ఏడేళ్ళకి, 1794 జూలై 10న, విశాఖకి దగ్గర్లోనే పద్మనాభం యుద్ధం జరిగింది. విజయనగరం రాజు చిన విజయరామరాజు ఈస్టిండియా కంపెనీ సైన్యంతో తలపడి, అక్కడే చనిపోయాడు. ఆ తర్వాత ఈ ప్రాంతంలో పెద్ద కత్తుల కాలం మెల్లగా అయిపోయింది. 1857 తిరుగుబాటుతో బెదిరిన బ్రిటిష్ వాళ్ళు 1878లో ఆయుధాల చట్టం తెచ్చారు. లైసెన్సు లేకుండా ఆయుధం పట్టుకు తిరగకూడదన్నారు. యుద్ధంలో కత్తికి పని పోయింది. పూజకి, పెళ్ళి ఊరేగింపుకి, కత్తిసాముకి, నాటకానికి మిగిలింది.

రంగు ఎవరు పూశారు?

మా ఇంట్లో ఉన్న కత్తి పద్మనాభం యుద్ధంలో మా పూర్వీకుడెవరో పట్టుకున్నదని చుట్టాలందరూ చెప్పుకునే మాట. చెప్పేటప్పుడు గొంతులు కూడా కొంచెం బరువెక్కుతాయి. పిడితో సహా మూడడుగులు ఉంటుంది. కొంచెం వంపు. పిడి చివర చిన్న పళ్ళెంలాంటి బిళ్ళ. ఇది కాక మొనదాకా వెండి రంగు, దట్టంగా, బ్రష్ గీతలు కనబడేటట్టు.

మా ఆయన మొదట అన్నమాట, "గాజువాకలో వెల్డింగు షాపులో ఇస్తే పది నిమిషాల్లో గ్రైండింగ్ చేసి అద్దంలా మెరిపించి ఇస్తాడు" అని. మా మరిది ఫార్మా సిటీలో పని చేస్తాడు, రసాయనాలంటే భయమూ తెలుసు, లెక్కా తెలుసు. "వదినా, ముందు అదేం పెయింటో తెలియకుండా ఎవరూ ముట్టుకోవద్దు" అన్నాడు.

నేను మా అత్తగారి దగ్గర కూర్చున్నాను. ఈ రంగు ఎప్పటిదత్తయ్యా అని అడిగితే ఆవిడ నవ్వి, "ఏటే అమ్మాయ్, అది మీ మావగారి నాటకం రంగే" అన్నారు. ఊళ్ళో కుర్రాళ్ళు బొబ్బిలి యుద్ధం నాటకం ఆడేవారట. అట్ట కత్తులు అందరికీ, పాపారాయుడికి మాత్రం మా ఇంటి కత్తి. పెట్రోమాక్స్ దీపాల వెలుతురులో మెరవాలని ఏటేటా వెండి రంగు. దానికంటే ముందే ఎర్ర రంగు ఉండేదని, అది వాళ్ళ మావగారి కాలంలో తుప్పు పట్టకుండా పూయించిందని కూడా చెప్పారు. పాపారాయుడి వేషం వేసింది మా మావగారే. ఈ సంగతి ఇంట్లో మగపిల్లలెవరికీ తెలియదు. ఎవరూ ఆవిడని అడగలేదు.

చూశారా, మనం తీసేద్దామనుకున్న రంగే ఒక చరిత్ర. పద్మనాభం సంగతి మాకెవరికీ రుజువు లేదు. నాటకం సంగతికి మాత్రం ఎదురుగా సాక్షి ఉన్నారు, రంగు రుజువుగా ఉంది.

కాబట్టి మొదటి ప్రశ్న 'ఎలా తీయాలి' అని కాదు, 'తీయాలా' అని. కొన్ని ఆయుధాలకి చేసినప్పుడే రంగు, లక్క పూత ఉండేవి. డాళ్ళకి, తుపాకీ కర్రలకి అది మామూలే. యూరప్‌లో ఉక్కు కవచాలకి కూడా నల్లరంగు, నీలి ఛాయ ఉండేవి. తర్వాతి తరాలవాళ్ళు ఆయుధాగారాల్లో ఇటుకపొడితో తోమి తోమి వాటన్నిటినీ తెల్లగా చేసేశారు. ఇప్పుడు మ్యూజియం వాళ్ళు తల పట్టుకుంటున్నారు. మెరుపు ఎక్కువైతే శుభ్రం ఎక్కువైందని మనకి అలవాటు. ఇనుము విషయంలో ఆ అలవాటు పనికిరాదు. పాత ఇనుము మీద సమంగా పరుచుకున్న నలుపు మురికి కాదు, దాని వయసు.

మేం తీయాలనే నిర్ణయానికి రావడానికి కారణం వేరే. రంగు పెచ్చులు లేస్తోంది, ఆ పెచ్చుల కింద చెమ్మ చేరి తుప్పు పాకుతోంది. మాది సముద్రపు గాలి తగిలే ఊరు. ముత్యాలమ్మపాలెం వైపు నుంచి వచ్చే ఉప్పుగాలికి కిటికీ ఊచలే ఏడాదికోసారి తుప్పుపడతాయి. పైగా ఆ పెచ్చులు అటక మీంచి రాలి కింద పడుతున్నాయి. ఇంట్లో రెండేళ్ళ పిల్లాడున్నాడు, మా తోటికోడలికి అప్పుడు అయిదో నెల.

సీసం భయం

ఇది కొంచెం శ్రద్ధగా చదవండి. కత్తి లేకపోయినా పాత తలుపులు, పాత ఊయల, పాత ట్రంకుపెట్టె ఉన్న ప్రతి ఇంటికీ పనికొచ్చే మాట.

పాతకాలపు ఆయిల్ పెయింట్లలో సీసం ఉండేది. తుప్పు ఆపడానికి ఇనుముకి ముందుగా పూసే ఎర్ర రంగు, రెడ్ లెడ్ అంటారు, అదైతే దాదాపు అంతా సీసమే. మన దేశంలో ఇంటి పెయింట్లలో సీసం పదిలక్షల్లో 90 వంతులు మించకూడదని 2016లో నియమం చేశారు. అది 2017 నవంబరు నుంచి అమల్లోకి వచ్చింది. అంటే అంతకుముందు వేసిన రంగు ఏదైనా సరే, పరీక్ష చేసేదాకా సీసం ఉందనే అనుకోవాలి.

సీసం దుమ్ము కళ్ళకి కనబడదు. పిల్లలు నేల మీద పాకి, ఆ చేతులు నోట్లో పెట్టుకుంటారు. వాళ్ళ మెదడు ఎదుగుదల మీద అది దెబ్బకొడుతుంది. గర్భిణి ఒంట్లోకి వెళ్తే కడుపులో బిడ్డకీ చేరుతుంది. ఇంత అయితే ఫరవాలేదు అనే లెక్క సీసానికి లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

అందుకే ఎమరీ పేపరుతో పొడిగా రుద్దడం, వైరు బ్రష్, గ్రైండరు, ఇవన్నీ వద్దు. వేడి గాలి మిషను, బ్లో లాంపు అసలే వద్దు. వేడికి సీసం పొగ లేస్తుంది. కత్తికీ నష్టమే. 200 డిగ్రీలు దాటిన వేడికి ఉక్కుకి పెట్టిన పదును గుణం తగ్గడం మొదలవుతుంది. పైగా మన దేశపు కత్తుల పిడిలో ఇనుప తోకని లక్కలాంటి జిగురు పోసి బిగించేవారు. వేడి తగిలితే అది కరిగి పిడి ఊడి చేతికొస్తుంది.

మేం రాలిన పెచ్చులు రెండు చిన్న కవర్లో పెట్టి పరీక్షకి పంపించాం. వెండి రంగులో పెద్దగా లేదు, కింది ఎర్ర పొరలో సీసం ఉందని తేలింది. ఆ రోజే కత్తిని కవర్లో చుట్టి బయట షెడ్డులోకి మార్చాం. అటకనీ కింద గదినీ చీపురు పట్టకుండా తడిగుడ్డతో తుడిచాం. తోటికోడల్నీ బాబునీ పని అయ్యేదాకా వాళ్ళ అమ్మగారింటికి పంపించాం.

మేం తీసిన పద్ధతి

ముందుగా ఒక మాట. కత్తి మీద బంగారు వెండి పని, రాత, అలల చారలు, దంతం లేదా రాళ్ళు పొదిగిన పిడి ఉన్నట్టు ఏమాత్రం అనుమానం వచ్చినా ఇంట్లో చేయకండి. హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలో ఆయుధాల విభాగంతోపాటు వస్తువుల్ని పరిరక్షించే ప్రయోగశాల ఉంది. లక్నోలో 1976లో పెట్టిన జాతీయ పరిరక్షణ పరిశోధనశాల ఉంది. ఇన్‌టాక్ సంస్థకి కూడా ఇలాంటి నిపుణులున్నారు. ఉత్తరం రాసి, ఫోటోలు పంపి అడగడంలో తప్పు లేదు.

మామూలు కత్తి, పైన తర్వాతి కాలపు పెయింటు అని తేలితే, వరస ఇది.

అన్నివైపులా ఫోటోలు తీయండి. స్కేలు పక్కన పెట్టి తీస్తే మంచిది. తర్వాత కత్తి అంచుకి మడిచిన అట్ట తొడిగి దారంతో కట్టండి. పాత కత్తి మొద్దుబారి ఉంటుందనుకుంటాం, కానీ పెయింటు కింద పదును అలాగే ఉండొచ్చు. తుడిచేటప్పుడు ఎప్పుడూ పిడి వైపు నుంచి మొన వైపుకి, వెన్ను వైపు నుంచి చెయ్యి కదపాలి. అంచు మీద వేళ్ళు చుట్టి లాగకూడదు.

పిడి దగ్గర గోరంత చోట పరీక్ష చేయండి. ముందు మెత్తటి మందుతో మొదలుపెట్టాలి. దూదిపుల్లతో టర్పెంటైన్, దానికి రాకపోతే ఎసిటోన్. నెయిల్ పాలిష్ రిమూవర్లలో చాలావాటిలో ఉండేది ఇదే, కానీ వాటిలో సెంటు, నూనె కలుపుతారు కాబట్టి విడిగా దొరికే శుద్ధమైనది కొనుక్కోవాలి. పిడిలోని లక్కకి, చెక్కకి, తోలుకి ఇవేవీ తగలకూడదు. మేం పిడి మొదట్లో రెండు వేళ్ళ మేర వదిలేసి అక్కడ అల్యూమినియం ఫాయిల్ గట్టిగా చుట్టాం.

ఎసిటోన్‌కి పెట్రోలులాగే నిప్పంటుకుంటుంది. ఇంటి లోపల వద్దు, వంటింటి దరిదాపుల్లో అసలు వద్దు. పొయ్యి, దీపం, అగరొత్తి, బీడీ, స్విచ్చి వేయడం, ఏవీ ఉండకూడదు. ఆరుబయట, నీడలో, గాలి మన వీపు వైపు నుంచి వచ్చేలా కూర్చోవాలి. కళ్ళద్దాలు తప్పనిసరి. సన్నటి నీలం గ్లవ్స్ ఎసిటోన్‌ని ఎక్కువసేపు ఆపలేవు, జారుడుగా అనిపించగానే మార్చెయ్యాలి. బ్యూటైల్ రబ్బరు గ్లవ్స్ దొరికితే అవి నయం.

దూదిని ఎసిటోన్‌లో తడిపి కత్తి మీద అరచేయంత మేర పరిచి, ఆరిపోకుండా పైన ఫాయిల్ చుట్టాలి. పది పదిహేను నిమిషాల తర్వాత తీస్తే రంగు ముడతలు పడి మెత్తబడుతుంది. దాన్ని వెదురుపుల్లతోనో, పాత ఏటీఎం కార్డు అంచుతోనో మెల్లగా తోసి, తడిగా ఉండగానే గుడ్డతో ఎత్తెయ్యాలి. బ్లేడు, స్క్రూడ్రైవరు వద్దు, గీత పడితే పడ్డట్టే. రానిచోట మళ్ళీ దూది పెట్టాలి. కోపం తెచ్చుకోకూడదు. మా కత్తికి మూడు ఆదివారాలు పట్టింది.

షాపుల్లో దొరికే ఘాటైన పెయింట్ రిమూవర్ డబ్బాల జోలికి మేం పోలేదు. చాలావాటిలో మిథిలీన్ క్లోరైడ్ ఉంటుంది. దాని ఆవిరికి మూసిన గదుల్లో ప్రాణాలు పోయిన సందర్భాలున్నాయి. ఇళ్ళల్లో పెయింటు తీయడానికి దాన్ని అమ్మకూడదని అమెరికా 2019లో నిషేధించింది. కాస్టిక్ సోడా చేతుల్ని, కళ్ళని కాల్చేస్తుంది, పిడి చెక్కని పాడుచేస్తుంది. బాత్‌రూమ్ కడిగే యాసిడ్ ఇనుముని తినేస్తుంది. చింతపండు, నిమ్మరసం కూడా యాసిడ్లే అని మర్చిపోవద్దు. ఇత్తడి బిందెకి మంచిదే, కత్తికి చేటు.

వాడిన దూది, గుడ్డలు బయటే పూర్తిగా ఆరనిచ్చి, మూత గట్టిగా పడే డబ్బాలో వేసి, ఇంటి ప్రమాదకర చెత్తగా విడిగా ఇవ్వాలి. పొయ్యిలో వేయకూడదు, కాలవలో పారేయకూడదు. ఆ పనికి కట్టుకున్న బట్టలు విడిగా ఉతకాలి. పని అయ్యాక చేతులు, ముఖం సబ్బుతో కడుక్కున్నాకే మంచినీళ్ళు ముట్టుకోవాలి.

రంగు పోయాక మేలుకుని చూసేది తుప్పే. వదులుగా ఉన్న ఎర్ర తుప్పుని కుట్టు మెషిన్ నూనె చుక్క వేసి, నానాక వెదురుపుల్లతో తీస్తే చాలు. నల్లటి పొరని కదపొద్దు. చివరికి పొడి మెత్తగుడ్డతో తుడిచి, అదే మెషిన్ నూనె అతి పల్చగా పూయాలి. మ్యూజియం వాళ్ళు వాడే మైక్రోక్రిస్టలైన్ మైనం దొరికితే ఇంకా మంచిది. కొబ్బరినూనె, ఆముదం వద్దు, కొన్నాళ్ళకి జిగటగా మారి దుమ్ము పట్టి ఇనుముని పాడుచేస్తాయి. వట్టి చేత్తో పట్టుకోవద్దు, చెమటలో ఉప్పుంటుంది. తోలు ఒరలో దాచొద్దు, తోలు చెమ్మని పీల్చి పట్టుకుంటుంది. పొడి నూలుగుడ్డలో చుట్టి, కొత్త చెప్పుల డబ్బాల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు పక్కన పెట్టి, తాళం వేసిన పెట్టెలో ఉంచండి. వర్షాకాలం ముందోసారి, తర్వాతోసారి తీసి చూడండి.

చట్టం మాట కూడా. కత్తుల్లాంటి ఆయుధాలు 1959 ఆయుధాల చట్టం పరిధిలోకి వస్తాయి. ప్రభుత్వం ప్రకటించిన ప్రాంతాల్లో వాటికి లైసెన్సు కావాలి. మీ ప్రాంతం సంగతి పోలీసు స్టేషన్లో అడిగి తెలుసుకోవడం మంచిది. నూరేళ్ళు దాటిన వస్తువు అయితే 1972 పురావస్తువుల చట్టం వర్తిస్తుంది. అమెరికాలో ఉన్న పిల్లలకి జ్ఞాపకంగా ఇద్దామని పెట్టెలో పెట్టి పంపడానికి వీల్లేదు.

కింద ఏముంది?

అలల చారలు లేవు. పేరు లేదు. బంగారం లేదు. నల్లటి మామూలు ఇనుము, అక్కడక్కడా తుప్పు తిన్న చిన్న గుంటలు, అంచు మీద నాలుగు నొక్కులు. ఆ నొక్కులు యుద్ధంలో పడ్డవో, నాటకంలో పడ్డవో, కొబ్బరిబొండాం కొడితే పడ్డవో కత్తి చెప్పలేదు.

మా ఆయన ముఖం కొంచెం చిన్నబోయింది. "ఇంతేనా" అన్నారు. చిన్నప్పటి నుంచి విన్న పద్మనాభం కథ కదా మరి. అబద్ధమని తేలలేదు, నిజమని కూడా తేలలేదు. మా అత్తగారు మాత్రం కత్తిని చాలాసేపు చూసి, "యుద్ధంలో ఉందో లేదో గానీ, ఆయన చేతిలో ఉండగా నేను చూసినాను. నాకదే సాలు" అన్నారు.

ఒకవైపు పిడి దగ్గర రెండు వేళ్ళ మేర వెండి రంగు, దాని కింద ఎర్ర రంగు అలాగే ఉంచేశాం. పెచ్చులు లేవకుండా దాని మీద పారదర్శకమైన వార్నిష్ పూశాం. చూసినవాళ్ళు "అక్కడ మర్చిపోయారు" అంటుంటారు. మర్చిపోలేదని, అది పాపారాయుడి రంగని చెబుతాం. ఇప్పుడు మా పిల్లలకి తాతగారు రాత్రంతా రంగస్థలం మీద గర్జించి, తెల్లారి పొలానికి వెళ్ళేవారని తెలుసు.

పూజ పద్ధతి కూడా కొంచెం మారింది. పసుపు కుంకుమల చెమ్మ, నిమ్మకాయ పులుపు ఇనుముకి పడవని చెబితే అత్తగారు ఏమంటారో అని జంకాను. ఆవిడే దారి చెప్పారు. కత్తిని ఎర్రగుడ్డ పరిచిన పీట మీద పెట్టి, బొట్టు పీటకి పెట్టి, నిమ్మకాయ పక్కన ఉంచారు. అమ్మవారికి అభ్యంతరం ఉండదన్నారు. ఆవిడే అన్నాక ఇంకెవరికుంటుంది!

చివరిగా ఒక్క పని చేయమని అడుగుతాను. మీ ఇంట్లో కత్తే ఉండక్కర్లేదు. రంగేసిన పాత తలుపు, ఊయల బల్ల, కావడిపెట్టె, ఏదైనా కావచ్చు. దాన్ని ముట్టుకునేముందు ఇంట్లో పెద్దావిడ పక్కన ఒక గంట కూర్చుని, ఇది ఎవరిది, ఈ రంగు ఎప్పుడు వేశారు, ఎందుకు వేశారు అని అడగండి. చెప్పింది ఒక నోటుబుక్కులో తేదీ వేసి రాసుకోండి. విన్న కథ ఏదో, కళ్ళారా చూసింది ఏదో విడివిడిగా రాయండి. మేం అలాగే రాశాం. పద్మనాభం 'చెప్పుకునే మాట' కింద ఉంది, నాటకం 'చూసిన మాట' కింద ఉంది. ఆ నోటుబుక్కు కత్తి పెట్టెలోనే ఉంటుంది. రేపు ఆ పెట్టె తెరిచేవాళ్ళకి ముందు చేతికి తగిలేది అదే కావాలని పైనే పెట్టాను.